కిష్టప్ప రిజిస్టర్‌లో ఖాళీ ఖానా

మానవజాతి చరిత్రలో బొటనవేలికి దక్కవలసిన గౌరవం దక్కలేదు. నిప్పు రాజేసిన చేతిని పొగిడారు, నాగలి పట్టిన చేతిని పొగిడారు, గంటం పట్టిన చేతికి దండం పెట్టారు. ఆ మూడు పనుల్లోనూ ముందు నిలబడ్డ బొటనవేలి పేరు ఎవరూ ఎత్తలేదు. అదీ నోరెత్తలేదు. పట్టా కాగితాల మీద ముద్రలు వేసుకుంటూ, రేషన్ దుకాణంలో యంత్రానికి ఆనుకుంటూ కాలం వెళ్లదీసింది. చివరికి మన రోజుల్లో, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా రహదారికి అటూ ఇటూ పొగగొట్టాలు లేచిన సీమలో దానికొక శాశ్వత ఉద్యోగం దొరికింది. ఫోన్ అద్దం మీద పిలవకుండా వచ్చి కూర్చున్న ప్రకటనను పక్కకు తోసేయడం.

పని చిన్నదే. కాని మనిషన్నవాడు రోజుకు వందసార్లు చేస్తున్నాడు. షిఫ్టు బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతూ చేస్తాడు, క్యాంటీన్ వరసలో పళ్లెం చంకన పెట్టుకుని చేస్తాడు, పెళ్లిలో కుడిచేత అక్షింతలు వేస్తూ ఎడమచేత చేస్తాడు. ఇంతమంది, ఇంత శ్రద్ధగా, ఒక్క పూట కూలి అడగకుండా ఒకే పనిని ఏళ్ల తరబడి చేయడం చెరువులు తవ్వించిన రాజుల కాలంలో కూడా జరిగి ఉండదు. చెరువైతే కనీసం నీళ్లు మిగిలేవి.

ఈ చరిత్రలో లక్డారం ఊరి కిష్టప్పకు ఒక పేజీ ఇవ్వాలి. మొన్న అక్టోబరు నెలలో ఆయన బొటనవేలు రెండుసార్లు తప్పు చేసింది.

కిష్టప్పకు యాభై నాలుగేళ్లు. పటాన్‌చెరు అవతల ఒక మందుల కంపెనీలో రెండో నంబరు గేటు దగ్గర గార్డు. ఆయన తండ్రి ఒకరి పొలాల్లో కూలికి పోయి బతికినవాడు. ఆ పొలాలే షెడ్లయినప్పుడు కంపెనీ ప్రహరీకి ఇటుకలు మోశాడు. తండ్రి కట్టిన గోడకు కొడుకు కాపలా ఉన్నాడు. అలా ఉండబట్టి పందొమ్మిదేళ్లయింది.

ఈ పందొమ్మిదేళ్లలో ఆ గేటులోంచి రిజిస్టర్‌కు ఎక్కకుండా పిల్లి కూడా పోలేదు. అది ఊరికే అనే మాట కాదు. పెద్ద స్టోర్‌లో ఎలుకల బెడదకు ఎవరో పిల్లిని తెప్పిస్తే, దాన్ని ఏ అధికారి పేరు మీద లోపలికి పంపాలో తేలేదాకా సంచీలోనే కూర్చోబెట్టాడు. డైరెక్టర్‌గారి బావమరిది పెళ్లికార్డులు పంచడానికి వస్తే నలభై నిమిషాలు ఎండలో నిలబెట్టాడు. ఆఖరికి డైరెక్టరే గేటు దాకా నడిచివచ్చి రిజిస్టర్‌లో సంతకం చేసి తీసుకుపోయాడు. మర్నాడు ఆయనే మెచ్చి కిష్టప్పకు మిఠాయి డబ్బా పంపాడు. కిష్టప్ప దాన్ని సామాన్ల రిజిస్టర్‌లో రాసుకుని, ఆ తర్వాతే మూత తీశాడు.

గేటు రిజిస్టర్‌కు ఎనిమిది ఖానాలు. వరుస నంబరు, తేదీ, వచ్చిన టైము, పేరు, ఎక్కడి నుంచి, ఏం పని, ఎవరి అనుమతితో, పోయిన టైము. ఇందులో ఏడో ఖానా గేటుకు ప్రాణం. ఎందుకంటే గార్డుకు మనిషిని ఆపే అధికారం ఉంది గాని, పొమ్మనే అధికారం గాని రమ్మనే అధికారం గాని లేదు. ఎవరు వచ్చినా కిష్టప్ప ఇంటర్‌కాం ఎత్తి లోపలికి చెబుతాడు. రమ్మనేదీ వద్దనేదీ లోపలివాళ్లు. వాళ్లు పంపమంటే ఏడో ఖానాలో వాళ్ల పేరు రాసి, గేటుకు అడ్డంగా కట్టిన గొలుసు దించుతాడు. ఏడో ఖానా ఖాళీగా ఉన్న రిజిస్టర్ ఆఫీసులోకి పోకూడదని ఆయన నియమం. కొత్తగా చేరిన గార్డులందరికీ మొదటి రోజు చెప్పే మొదటి మాట అదే.

ఇలాంటి మనిషి చేతికి నిరుడు ఫోన్ వచ్చింది.

ఆయన అడిగి తెచ్చుకున్నది కాదు. గార్డుల ఏజెన్సీవాళ్లు హాజరీ యాప్ ఒకటి పెట్టి, అది లేనివాళ్లకు డ్యూటీ లేదన్నారు. ఆ యాప్ షిఫ్టులో రెండుసార్లో మూడుసార్లో, ఎప్పుడన్నది చెప్పకుండా గంట కొడుతుంది. రెండు నిమిషాల లోపల గంట బొమ్మ మీద వేలు పెట్టాలి. పెట్టకపోతే గార్డు నిద్రపోతున్నట్టు లెక్క, పేరు పక్కన ఎర్ర గుర్తు. ఒక నెలలో మూడు గుర్తులు పడితే గేటు మీది నుంచి తీసేసి రిజర్వులో పెడతారు. రిజర్వంటే ఎక్కడైనా ఎవరైనా రాకపోతే పిలుస్తారు, అందాకా ఇంట్లో కూర్చోవాలి.

గంట కొట్టడం వరకు యాప్ నిజాయితీగానే కొట్టింది. కాని ఆ ఫోన్‌లో గంట ఒక్కటే మోగేదైతే ఈ కథ ఉండేది కాదు. రమ్మీ ఆటవాడు మోగుతాడు. సోఫాల దుకాణంవాడు మోగుతాడు. అప్పు ఇస్తానని, ఎవరూ అడగకముందే మంజూరైందని ఒకడు మోగుతాడు. బట్టతలకు నూనెవాడు, మోకాళ్లకు పట్టీవాడు, జాతకాలవాడు, పెళ్లి సంబంధాలవాడు, అందరూ అదే టింగుమన్న సప్పుడుతో, అదే నెత్తి మీద, ఒకరి మీద ఒకరు ఎక్కి కూర్చుంటారు. కిష్టప్ప ఒక చేత్తో గొలుసు దించుతూ ఇంకో చేతి బొటనవేలితో వాళ్లను తోస్తాడు. తొమ్మిదో తారీఖు ఉదయం పదకొండు ముప్పై రెండుకు, ఆసిడ్ ట్యాంకర్ గేటులో ఉండగా, సోఫాలవాడిని తోసిన ఊపులో వాడి కింద ఉన్న గంట కూడా పోయింది. పదహారో తారీఖున మళ్లీ అదే జరిగింది. ఈసారి మోకాళ్ల పట్టీవాడు.

ఎర్ర గుర్తు పడితే అది గార్డుల వాట్సాప్ గ్రూపులోకి తనంతట తానే పోతుంది. “కిష్టప్ప, గేటు 2, అప్రమత్తంగా లేరు” అని, పక్కన కళ్లు మూసుకున్న పసుపుపచ్చ మొహం. ఒకటో గేటు బాలరాజ్ దాని కింద దిండు బొమ్మ పెట్టాడు. పదకొండుమంది నవ్వారు. ఆ పదకొండుమందిలో తొమ్మిదిమందికి రిజిస్టర్ రాయడం నేర్పింది కిష్టప్పే.

ఇంటికి పోయేసరికి ఆ మాట ఆయనకంటే ముందే పోయి ఉంది. ఆయన భార్య శివమ్మ ఇస్నాపూర్‌లో చేతి తొడుగుల షెడ్డులో ప్యాకింగ్ పని చేస్తుంది. బాలరాజ్ పెళ్లాం కూడా అక్కడే.

“ఇంట్ల మంచం మీద పండుకుంటే నిద్ర వస్తలేదంటవు,” అంది శివమ్మ, అన్నం పెడుతూ. “గేటు కాడ కుర్సీల ఎట్లొచ్చిందయ్యా?”

కిష్టప్ప అన్నం సగంలో లేచాడు. పందొమ్మిదేళ్లు. రెండుసార్లు జ్వరంతో, ఒకసారి తండ్రి దినం చేసి గుండుతో వచ్చి నిలబడ్డ గేటు. అక్కడ తను పట్టపగలు పదకొండున్నరకు గుర్రు పెట్టి నిద్రపోయినట్టు రాసి ఉంది, చెరిపేయడానికి వీల్లేని చోట. ఇంకొక్క గుర్తు పడితే ఆ మాట నిజమైపోతుంది. రాసి పెట్టిన యంత్రానికి కళ్లు లేవు. ఆ గంట మీద ఎక్కి కూర్చున్నవాడికి పేరు లేదు, ముఖం లేదు, గేటు దగ్గర నిలబెట్టి నువ్వెవరివని అడుగుదామంటే నిలబడడు.

మర్నాడు ఏజెన్సీ సూపర్‌వైజర్ మధుబాబు గేట్ల తనిఖీకి మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. సంగారెడ్డివాడు, ముప్పై దాటలేదు, ఇరవై రెండు గేట్లు చూసుకోవాలి కాబట్టి ఎక్కడా హెల్మెట్ తీయడు. కిష్టప్ప అతని ముందు విషయమంతా పెట్టాడు.

“కాకా, యాప్‌కు నీ మీద పగ ఉన్నదా?” అన్నాడు మధుబాబు. “గంట కొట్టింది, నువ్వు ఒత్తలే. గంతే కద.”

“కొట్టింది సార్. గా గంట నెత్తి మీద సోఫాలోడు కూసున్నడు. వాణ్ని నూకిన, గంట గూడ పోయింది.”

“మరి సోఫాలోని మీద రిపోర్ట్ రాస్తవా?”

“రాస్త.”

“రాయి. రాసిస్తే నేనే ఆఫీసుల పెడత.”

మధుబాబు నవ్వి బండి తిప్పాడు. అతను హాస్యానికి అన్నాడు. కాని యూనిఫాం వేసుకున్నవాడు హాస్యానికి మాట్లాడతాడని కిష్టప్పకు ఎవరూ చెప్పలేదు. ఆయన గేటు గది బీరువాలోంచి సగం ఖాళీగా ఉన్న పాత రిజిస్టర్ ఒకటి తీసి, దుమ్ము దులిపి, కొత్త పేజీకి స్కేలుతో ఎనిమిది ఖానాలు గీశాడు. ఆ పూట నుంచి ఫోన్‌లోకి వచ్చిన ప్రతివాడూ గేటుకు వచ్చినట్టే లెక్క.

ఆ రిజిస్టర్ ఇప్పటికీ ఉంది. అక్షరం గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉంటుంది. పన్నెండో వరసలో పేరు: రమ్మీ ఆట. ఎక్కడి నుంచి: తెలియదు. ఏం పని: నేను కనబడుతలేనని ఏడుస్తున్నది. వచ్చిన టైము తొమ్మిదీ నాలుగు, పోయిన టైము తొమ్మిదీ నాలుగు. పదమూడులో బిర్యానీ తెచ్చిచ్చేవాళ్లు, ఆకలైందా అని అడిగినారు, లక్డారం మాత్రం రారు. ముప్పై ఒకటిలో పెళ్లి సంబంధాలవాళ్లు. మీ కోసం రెండు వందల పద్నాలుగు మంది ఎదురుచూస్తున్నారని వచ్చింది. దాని ఎదురుగా కిష్టప్ప, తనకు పెళ్లయి ముప్పై ఏళ్లనీ మనవరాలు రెండో తరగతనీ ఏం పని అన్న ఖానాలోనే ఇరికించి రాశాడు. యాభై రెండు, వాన కబుర్ల యాప్. వాన గురించి కాదు, దుప్పట్ల గురించి.

రాసేకొద్దీ ఆయనకు ఒళ్లు మండింది. పందొమ్మిదేళ్ల అనుభవంలో ఆయన ఎన్నో రకాల మనుషులను గేటు దగ్గర చూశాడు. బాకీ కోసం వచ్చినవాళ్లు, ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు, యూనియన్‌వాళ్లు, చందాలవాళ్లు. లేదు పొమ్మంటే తిట్టుకుంటూనో మొక్కుకుంటూనో పోయారు. నాలుగు నిమిషాల తర్వాత టోపీ మార్చుకుని మళ్లీ వచ్చినవాడు లేడు. “కిష్టప్పా, మమ్మల్ని మరిచిపోయావా” అని గేటు పట్టుకుని ఏడ్చిన నీళ్ల ట్యాంకరు డ్రైవరు లేడు. “చివరి అవకాశం, ఈ రోజుతో సరి” అని చెప్పి రేపూ ఎల్లుండీ అదే మాట చెప్పిన కూరగాయలవాడు లేడు. ఉంటే జనం వాడికి పిచ్చి పట్టిందనుకుని ఎర్రగడ్డ ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్లు. అదే పని ఫోన్‌లోంచి చేస్తే వ్యాపారమట.

ఏడో ఖానా మాత్రం ఖాళీగానే ఉంచాడు. ఈ మందను తన ఫోన్‌లోకి ఎవరి అనుమతితో తోలారో ఆ ద్రోహి పేరు దొరికాక, ఒకేసారి ఎర్ర సిరాతో నింపాలని ఆయన ఉద్దేశం.

వేరే ఉపాయాలూ చూడకపోలేదు. సప్పుడు బంద్ చేస్తే గంట సప్పుడు కూడా బంద్ అయింది. నెట్ తీసెయ్యమని బాలరాజ్ సలహా ఇచ్చాడు. నెట్ తీస్తే యాప్ “గార్డు అందుబాటులో లేరు” అంటుంది, దానికీ గుర్తు అదే రంగు. కాబట్టి ఆయన కళ్లు ఫోన్ మీదే పెట్టి కూర్చున్నాడు. అలా గడిచిన పది డ్యూటీల్లో ఒక్క గంట కూడా తప్పిపోలేదు. అయితే రాయడానికి తల వంచినంతసేపు ఎదురుగా ఉన్న గేటు కనబడదు. లారీలు రోడ్డు దాకా వరస కట్టి హారన్లు కొట్టాయి. ఆయన మాత్రం వేలెత్తి ఆగమని, పట్టీవాడి వివరాలు పూర్తి చేసి, ఆ తర్వాత గొలుసు దించాడు.

పదో డ్యూటీ, ఇరవై ఏడో తారీఖు, పొద్దున పది గంటలు. కిష్టప్ప నాలుగు వందల పన్నెండో వరస రాస్తున్నాడు. మళ్లీ సోఫాలవాడే. “ఏం పని” దగ్గర కలం ఉండగా ఎవరో “నమస్తే” అన్నారు. అధికారులు ఎవరో కారులోంచి అన్నట్టు తోచి, ఆయన తల ఎత్తకుండానే ఎడమచెయ్యి నుదుటికి ఆనించాడు.

గేటు నుంచి యాభై అడుగుల లోపల కాంటా ఉంటుంది. లారీలను తూచే చోటు. అక్కడ కంప్యూటర్ దగ్గర నిహారిక కూర్చుంటుంది. పటేల్‌గూడ అమ్మాయి, డిప్లొమా చదివి ఆరేళ్లుగా అదే కుర్చీలో ఉంది. ఖాళీ లారీ బరువు, నిండు లారీ బరువు తప్ప లోకంలో దేనికీ తొందరపడదు. ఆమె కిటికీలోంచి ఒక కరపత్రం లోపలికి వచ్చింది. సదాశివపేట దగ్గర ప్లాట్లు, బుక్ చేసుకున్నవారికి వెండి గ్లాసు ఉచితం. తలెత్తి చూస్తే టై కట్టుకున్న మనిషి, చంకలో కరపత్రాల కట్ట. అప్పటికే నలుగురు డ్రైవర్లకు ఇచ్చాడు. క్యాంటీన్ ఎటువైపని అడుగుతున్నాడు.

పాస్ చూపించమంది. లేదన్నాడు. గేటు దగ్గర సార్ సెల్యూట్ కొట్టి పంపాడన్నాడు.

నిహారిక లేచి అతన్ని వెంటబెట్టుకుని గేటుకు వచ్చింది. “కాకా, ఈ సార్‌ను ఎవరు పంపిన్రు?”

కిష్టప్ప టై మనిషిని చూశాడు. కరపత్రాల కట్టను చూశాడు. గేటు రిజిస్టర్ చూశాడు. అందులో ఆ టైముకు ఎవరూ లేరు. పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఒక మనిషి రాత లేకుండా లోపలికి పోయి వచ్చాడు. వాడూ ప్రకటనలవాడే. ఆయన కలం మూత పెట్టాడు. టై మనిషి సందు చూసుకుని ఆయన బల్ల మీద కూడా ఒక కరపత్రం పెట్టి రోడ్డెక్కాడు.

అప్పటికి గంట మోగి ఎంతసేపయిందో తెలియదు. కరపత్రం కింద ఫోన్ ఉంది. నిహారికే చూసి, “కాకా, గంట” అంది. ఆయన వేలు పెట్టాడు. ఒక నిమిషం యాభై మూడు సెకండ్లని అద్దం మీద పడింది. ఇంకో ఏడు సెకండ్లయితే మూడో గుర్తు.

నిహారిక బల్ల మీది పాత రిజిస్టర్ తీసి చదవసాగింది. ఇరవయ్యో వరస దాకా నవ్వింది. యాభై దాటాక నవ్వలేదు. పేజీలు తిప్పి నాలుగు వందల పన్నెండు దాకా వచ్చి, ఇదంతా ఎందుకని అడిగింది. ఆయన చెప్పాడు. సోఫాలవాడి దగ్గర మొదలుపెట్టి, దిండు బొమ్మ, శివమ్మ అన్న మాట, రిజర్వు, అన్నీ.

“ఆపొచ్చు కద కాకా వీళ్లను,” అందామె. “రాసుడెందుకు?”

సోఫాలవాడి ప్రకటన ఇంకా అద్దం మీదే ఉంది. ఆమె దాన్ని తోయలేదు. దాని మీద వేలు పెట్టి అలాగే ఒత్తి పట్టుకుంది. వాడు పక్కకు పోకుండా విప్పుకున్నాడు. ఏ యాప్‌లోంచి వచ్చాడో పేరు పడింది, కింద ఒక మీట కనబడింది. మీటను ఇటునుంచి అటు జరిపింది. సోఫాలవాడు పోయాడు. అంతే. అరచేతిలో పట్టేంత పని. కిష్టప్ప ఏడాదిగా వాణ్ని రోజుకు నాలుగైదుసార్లు తోస్తూనే ఉన్నాడు. తోస్తే ఆ ఒక్క ప్రకటన పోతుంది గాని మనిషి పోడని, ఒత్తి పట్టుకుంటే మనిషే దొరుకుతాడని ఆయనకు ఫోన్ అమ్మినవాడు చెప్పలేదు, యాప్ పెట్టమన్నవాడు చెప్పలేదు.

“గీ ముక్క ఒక్కడన్న చెప్పలే చూడు,” అన్నాడు.

“చెప్తే వాళ్లకేమొస్తది కాకా?”

ఆమె సెట్టింగుల్లోకి పోయి నోటిఫికేషన్ల జాబితా తెరిచింది. సోఫాలవాడు కాక ఇంకా నలభై ఒక్క పేర్లు. ఒక్కొక్క పేరు ఎదురుగా ఒక మీట, అన్నీ తెరిచే ఉన్నాయి. కిష్టప్ప కళ్లద్దాలు సవరించుకుని ఎర్ర కలం తీశాడు. వీళ్లందరినీ ఎవరు రానిచ్చారో ఆ పేరు కూడా ఇందులోనే ఉంటుంది కదా, చూసి చెప్పమన్నాడు. ఏడో ఖానా చూపించాడు.

నిహారిక ఫోన్ బల్ల మీద పెట్టింది. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు, పేజీ ఏదైనా చూడబోయినప్పుడు ఒక పెట్టె అడ్డం వస్తుంది, గుర్తుందా అంది. మీకు కబుర్లు పంపవచ్చా అని అడుగుతుంది, కింద రెండు గుండీలు ఉంటాయి. ఫోన్ కొన్న రోజున కూడా పొడుగాటి కాగితం ఒకటి వచ్చి, ఒప్పుకుంటారా అని ఉంటుంది. వాటి మీద ఏది ఒత్తావు అంది.

“అలౌ ఉంటది గద, దాన్నే ఒత్తిన.”

“అన్నిటికా?”

“మరి?” కిష్టప్పకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. “వద్దనేటందుకు నేనెవర్ని బిడ్డా? వద్దనేది లోపలోళ్లు.”

“ఫోన్ల లోపల ఎవరున్నరు కాకా?”

కాంటా దగ్గర లారీ హారన్ కొట్టింది. నిహారిక వెళ్లబోతూ, కావాలంటే అన్నీ తనే ఐదు నిమిషాల్లో మూసేస్తానంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయన గేటు మీద ఇంతవరకు ఇంకొకరు గొలుసు వెయ్యలేదు.

నలభై మందిని మూయడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. రిజిస్టర్ ముందు పెట్టుకుని, పేరు చూసి, మీట జరిపి, ఆ వరసల మీద అడ్డగీత గీశాడు. కొందరు తేలిగ్గా పోలేదు. మూసిన మర్నాడు ఆ యాప్ లోపలికి పోతే, “మళ్లీ తెరవండి, లేకపోతే మంచి అవకాశాలు పోతాయి” అని బతిమాలారు. తెరవమన్న గుండీ తాటికాయంత అక్షరాలతో నీలంగా మెరుస్తుంది. వద్దన్న మాట బూడిదరంగులో, చీమ తలకాయంత ఉండి, ఏదో తప్పు చేసినట్టు మూలకు నక్కి ఉంటుంది. పెద్దవాళ్ల కళ్లకు ఆనకుండా రాయడానికి ఎవడో కూర్చుని జీతం తీసుకుని మరీ ఆలోచించి ఉంటాడు. వాడి ఇంటి గేటు ఎక్కడుందో తెలిస్తే కిష్టప్ప డ్యూటీకి సెలవు పెట్టి అయినా పోయేవాడు. తెలియదు కాబట్టి కళ్లద్దాలు తుడుచుకుని చీమ తలకాయనే ఒత్తాడు. తన చేత్తో ఒక మనిషిని వద్దనడం అదే మొదలు. మొదటి ఐదారుగురి పేర్లు రెండేసిసార్లు చదివి చూసుకున్నాడు. ఇరవయ్యోవాడికి వచ్చేసరికి అలవాటైంది. ముప్పై దాటాక, చెప్పకూడదు గాని, ఇష్టంగానే ఉంది.

చివరికి తెరిచి ఉన్నది గంట ఒక్కటే. ఫోన్ రోజంతా చప్పుడు లేకుండా పడి ఉండడం చూసి శివమ్మకు అనుమానం వచ్చింది.

“నీ ఫోన్ సచ్చిందా ఏంది?” అంది.

“డ్యూటీల ఉన్నది,” అన్నాడు కిష్టప్ప.

ముప్పై ఒకటో తారీఖున గంట మూడుసార్లు మోగింది. మూడుసార్లూ ఐదు సెకండ్ల లోపల వేలు పడింది. సాయంత్రం షిఫ్టు మారే వేళకు మధుబాబు వచ్చాడు. ఈసారి హెల్మెట్ తీశాడు. కిష్టప్ప సంగతి నిహారిక ఏజెన్సీ ఆఫీసుకు చెప్పిందట. బయటివాళ్లు గార్డు రమ్మనకుండానే వచ్చి గంటను కప్పేశారని రాతపూర్వకంగా రుజువు ఉంటే ఆ రెండు ఎర్ర గుర్తులూ కొట్టేస్తామని, కిష్టప్ప నిద్రపోలేదని గార్డుల గ్రూపులో వేస్తామని పెద్దసార్ ఒప్పుకున్నాడట. రిజిస్టర్ ఇస్తే ఇప్పుడే పట్టుకుపోతానన్నాడు.

కిష్టప్ప పదిహేను రోజులుగా అడుగుతున్నది అదే. గ్రూపులో ఆ మాట పడితే చాలు. బాలరాజ్ చూస్తాడు. ఆ రాత్రికే శివమ్మకూ చేరుతుంది.

మధుబాబు నిలబడే పేజీలు తిప్పాడు. నాలుగు వందల పన్నెండు వరసలు, పదిహేడు పేజీలు. తిప్పుతూ తిప్పుతూ ఆగి, నవ్వాడు.

“కాకా, ఏడో ఖానా ఖాళీ ఉంచినవేంది? ఖాళీ ఖానాతోని రిజిస్టర్ లోపలికి పోవద్దని గార్డులకు చెప్పింది నువ్వే.”

“మర్చిపోలే.”

“సోఫాలోని పేరో రమ్మీవోని పేరో రాసెయ్. ఎవరు చూస్తరు? జల్దీ కానియ్, నేను ఇంకా ఆరు గేట్లు తిరగాలె.”

ఐదు నిమిషాలు కూర్చోమని కిష్టప్ప అతనికి కుర్సీ వేశాడు. ఎర్ర కలం మూత తీశాడు. ఒకసారి ఇంటర్‌కాం వైపు చూశాడు. దాన్ని ఎత్తి అడగడానికి ఎవరూ లేరు.

మొదటి పేజీ మొదటి వరసలో, ఎవరి అనుమతితో అన్న చోట “కిష్టప్ప, గార్డు, గేటు నంబరు 2” అని రాశాడు. దాని కింద ప్రతి వరసకూ పైదే అన్న గుర్తు పెట్టుకుంటూ పోయాడు. ప్రతి కొత్త పేజీ మొదట్లో పేరు మళ్లీ రాయాలన్నది కూడా ఆయన పెట్టిన నియమమే. పేరు పదిహేడుసార్లు, పైదే గుర్తు మూడు వందల తొంభై ఐదుసార్లు.